అలిపిరి నుంచి ఎక్కి శ్రీవారి మెట్టు మీదుగా దిగడం: ఏ కాలంలో ఏ వైపు నుంచి నడవాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. మా కుటుంబం అలిపిరి దారిలో ఇప్పటికి మూడుసార్లు తిరుమల కొండ ఎక్కింది గాని, మూడుసార్లూ దర్శనం అయ్యాక బస్సులోనే దిగి వచ్చాము. ఈసారి ఎక్కిన వైపు కాకుండా శ్రీవారి మెట్టు మీదుగా శ్రీనివాసమంగాపురం వైపు దిగి, అక్కడి నుంచి బస్సులోనో ఆటోలోనో తిరుపతి చేరుకొని, కొండను ఒక చుట్టు చుట్టినట్టుగా నడక పూర్తి చేయాలని అనుకుంటున్నాము. నాకు 52 ఏళ్ళు. రోజూ ఉదయం ఆరు కిలోమీటర్లు నడుస్తాను. నా భార్యకు మెట్లు ఎక్కడంలో ఇబ్బంది లేదు గాని, దిగేటప్పుడు అప్పుడప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. మా అమ్మాయికి పదకొండేళ్ళు.

పాప చదువు వల్ల మాకు దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు తప్ప వేరే వీలు లేదు. ఈ మూడింటిలో ఏది మేలు? ఒకే రోజున ఎక్కి దిగడం సాధ్యమేనా? రెండు దారుల్లోనూ వేర్వేరు కాలాల్లో నడిచినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు. లెక్కలు నాకు తెలుసు: అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు; శ్రీవారి మెట్టు దారి 2 కిలోమీటర్ల పైచిలుకు, 2,388 మెట్లు. ఆ లెక్కలను బట్టి కాళ్ళకు ఎలా ఉంటుందో మాత్రం నాకు అంచనా అందడం లేదు.

సమాధానం 1 (తిరుపతి నుంచి)

అయ్యా, మీరు చెప్పిన ఆ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. రెండు దారులూ చేరేది ఒకే కొండ మీదికి, సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న ఊరికి. అలిపిరి దారి ఆ ఎత్తును తొమ్మిది కిలోమీటర్ల పొడవునా పంచుకుంటే, శ్రీవారి మెట్టు దాన్ని రెండు కిలోమీటర్లలోనే ముగిస్తుంది. అందువల్ల మెట్టు దారిలో కాలికి విశ్రాంతినిచ్చే చదును నేల తక్కువ. అలిపిరిలో గాలిగోపురం దాకా రెండు వేల పైచిలుకు మెట్లు ఊపిరి తీయనివ్వవన్న మాట నిజమే గాని, ఆ తర్వాత ఏడవ మైలు ఆంజనేయస్వామి విగ్రహం, జింకల పార్కు, నరసింహస్వామి గుడి దాటే వరకు చాలా మేర నడకే ఉంటుంది. మళ్ళీ గట్టిగా ఎక్కవలసింది మోకాళ్ళ పర్వతం దగ్గరే.

నేను పద్నాలుగేళ్ళుగా ఏడాదికి నాలుగైదుసార్లు ఈ చుట్టు నడుస్తున్నాను. మొదటి ఆరేళ్ళు మీరు అనుకున్నట్టే అలిపిరి నుంచి ఎక్కి మెట్టు మీదుగా దిగేవాణ్ణి. ఒక కార్తీక మాసంలో సన్నగా తుంపర పడుతుండగా మెట్టు దిగుతూ జారిపడ్డాను. మెట్ల పూజ మొక్కుకున్నవారు ఒక్కొక్క మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టి కర్పూరం వెలిగిస్తారు కదా. ఆ పసుపు తడిసినప్పుడు రాతి మీద సన్నని పొరగా మారుతుంది. ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద ఆనుతుంది గనుక అది మనకు తెలియదు. దిగేటప్పుడు ముందుగా ఆనేది మడమ, దాని మీద ఒళ్ళంతటి బరువు. ఆ రోజు చీలమండ మడతపడి మూడు వారాలు మంచం దిగలేదు. అప్పటి నుంచి వైపు మార్చుకున్నాను: మెట్టు మీదుగా ఎక్కుతాను, అలిపిరి మీదుగా దిగుతాను. నిటారు దారిని కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడు ఎక్కడానికి వాడుకొని, పొడవైన నిమ్మళమైన దారిని దిగడానికి ఉంచుకోవాలన్నది నా అనుభవం నాకు నేర్పిన పద్ధతి. మీ ఇంటావిడ మోకాలి సంగతి విన్న తర్వాత మీకూ ఇదే చెప్పాలనిపిస్తోంది.

ఇక కాలాల విషయానికి వస్తే, దసరా సెలవులను నేను ఒప్పుకోను. మన రాష్ట్రంలో చాలా చోట్ల వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకే అనుకుంటారు గాని, ఈ ప్రాంతానికి పెద్ద వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా శేషాచలం వాగులన్నీ ఒక్కసారిగా పొంగుతాయి. కపిలతీర్థం జలపాతం నిండుగా దూకేది ఆ రోజుల్లోనే. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి చాలా చోట్ల కొట్టుకుపోయింది, మరమ్మతులు చేసి 2022 మే నెలలో గాని మళ్ళీ తెరవలేదు. ఆ రోజుల్లో కిందికి వెళ్ళి చూసినప్పుడు, అన్నేళ్ళుగా నేను ఎక్కిన మెట్ల మీద బండలూ మట్టీ పేరుకుపోయి ఉండడం చూసి నాకు దుఃఖం ఆగలేదు. దసరా నాటికి పెద్ద వానలు మొదలు కాకపోయినా, బ్రహ్మోత్సవాలూ తమిళుల పెరటాసి నెల శనివారాలూ ఆ సమయంలోనే వస్తాయి గనుక తమిళనాడు నుంచి వచ్చే భక్తులతో రెండు దారులూ కిక్కిరిసి ఉంటాయి. పాపతో ఆ రద్దీలో నడవడం కష్టం.

సంక్రాంతి నాటికి వానలు వెనకబడతాయి, మెట్లు ఆరిపోతాయి, తెల్లవారుజామున గాలిగోపురం పైన మంచు కమ్ముకొని ఉంటుంది. స్వెట్టరు తప్పనిసరి. వైకుంఠ ఏకాదశి ద్వారదర్శనం రోజులు దాటాక వెళ్ళండి. నిజానికి అన్నింటికంటే మంచి సమయం ఫిబ్రవరి, మార్చి మొదటి సగం. ఎర్రచందనం చెట్లు ఆకు రాల్చి అడవి పలచబడడం వల్ల, వర్షాకాలంలో పచ్చని గోడలా కనిపించే అవ్వాచారి కోన ఆ నెలల్లో అడుగు దాకా కనిపిస్తుంది. మీకు అప్పుడు సెలవులు లేవన్నారు కాబట్టి, ఒక శని ఆదివారాలు కుదుర్చుకోగలరేమో ఆలోచించండి.

సమాధానం 2 (చెన్నై నుంచి)

పై సమాధానంలోని అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట. మాకు కొండ ఎక్కడమంటే అలిపిరి పాదాల మండపంలో మొదలు కావడమే. అక్కడ పాదాలకు మొక్కి, తలయేరు గుండుకు తలా మోకాళ్ళూ ఆనించి, గాలిగోపురం చేరి వెనక్కి తిరిగి తిరుపతి ఊరిని చూసి, రామానుజులవారు మోకాళ్ళతో ఎక్కారని చెప్పుకొనే చోట మెట్లకు దండం పెట్టుకోవడంలో ఒక వరుస ఉంది. ఆ వరుసను తలకిందులు చేసి దిగుతూ వస్తే అది మంచి వ్యాయామం అవుతుందేమో గాని, మా మనసుకు యాత్ర పూర్తయినట్టు అనిపించదు.

అయితే మెట్టు దారికి గౌరవం తక్కువేమీ కాదు. పద్మావతీదేవిని పెళ్ళాడిన శ్రీనివాసుడు మంగాపురంలో ఉండి ఈ దారినే కొండకు వెళ్ళాడని పెద్దలు చెబుతారు. చంద్రగిరి కోటకు దగ్గరి దారి కూడా ఇదే. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు స్వామిని దర్శించుకున్నట్టు శాసనాలు చెబుతున్నాయి. చంద్రగిరి వైపు నుంచి ఈ మెట్లకు వచ్చిన ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తుకు వస్తుంది. మేము జనవరిలో రెండుసార్లు అలిపిరితో ఎక్కి మెట్టుతో దిగాము, మెట్లు పొడిగా ఉండడం వల్ల ఏ ఇబ్బందీ కలగలేదు. దిగడానికి గంటన్నర కూడా పట్టలేదు.

సమాధానం 3 (హైదరాబాదు నుంచి, ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నాను)

మోకాలి గురించి అడిగారు కాబట్టి దానికే పరిమితమై చెబుతాను. మెట్లు ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరం కుదించుకుంటూ శరీరాన్ని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువును ఆపవలసి వస్తుంది. సాగుతూ చేసే ఆ పనే మరునాడు తొడలు పట్టేయడానికి కారణం, చిప్ప వెనుక ఒత్తిడి పెరిగి నొప్పి పుట్టడానికీ అదే ముఖ్య కారణం. ఎక్కడంలో బాధ లేదు, దిగడంలోనే ఉంది అని మీరు రాసిన మాట నేను రోజూ వినే మాటే. అలాంటి మోకాలితో 2,388 మెట్లు ఏకధాటిగా దిగడం మంచిది కాదు. అలిపిరి దారిలో దిగవలసిన మెట్లు అంతకంటే ఎక్కువే అయినా, వాటి మధ్యలో చదును నేల చాలా ఉండడం వల్ల కండరానికి మళ్ళీ మళ్ళీ విరామం దొరుకుతుంది. కాబట్టి నేను మొదటి సమాధానం ఇచ్చినవారి పక్షమే.

ఒకే రోజున ఎక్కి దిగగలమా అని అడిగారు. నడక వరకైతే దిగగలరు. కాని మధ్యలో దర్శనం ఉంది. నాలుగు గంటలు మెట్లెక్కి, ఆపైన గంటల తరబడి క్యూలైనులో నిలబడి, కంపార్టుమెంటులో కూర్చొని లేచిన కాళ్ళు బిగుసుకుపోతాయి. ఆ కాళ్ళతో సాయంత్రం మెట్లు దిగడం ఏ వయసువారికీ మేలు చేయదు. రాత్రి కొండ మీద నిద్ర చేసి, మరునాడు ఉదయం దిగండి. మోచేతి ఎత్తుకు వచ్చే కర్ర ఒకటి చేతిలో ఉంచుకొని, నొప్పి ఉన్న కాలిని ముందుగా కింది మెట్టు మీద పెట్టి, మంచి కాలును తర్వాత దించమని మీ శ్రీమతిగారికి చెప్పండి. బయలుదేరే ముందు ఆరు వారాల పాటు మీ ఇంటి మేడమెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకోవాలి. రోజుకు ఆరు కిలోమీటర్లు చదును నేల మీద నడిచే మీకు కూడా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే చదును నడక గుండెకు ఇచ్చే బలం తొడలకు ఇవ్వదు.

సమాధానం 4 (నెల్లూరు నుంచి)

అన్నయ్యగారూ, పాప వయసు ఎవరూ పట్టించుకోలేదు గనుక రాస్తున్నాను. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ళ పాపను చిరుతపులి పొట్టన పెట్టుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ తర్వాత 12 ఏళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం 2 గంటలు దాటాక నడకదారిలోకి పంపకూడదన్న నియమం వచ్చింది, భక్తులకు చేతికర్రలు కూడా ఇచ్చారు. మీ నడక వేళలన్నీ ఈ నియమం లోపలే కుదరాలి. బయలుదేరే ముందు రోజు దేవస్థానం వారి తాజా ప్రకటన చూసుకోండి, వేళలు మారుతూ ఉంటాయి.

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళున్నప్పుడు మే నెలలో ఈ చుట్టు నడిచాము కాబట్టి వేసవి సంగతి నాకు బాగా తెలుసు. తిరుపతిలో ఆ రోజుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అలిపిరి దారి కొండకు తూర్పు దిక్కున ఉండడం వల్ల ఏడింటికే ఎండ ముఖాన కొడుతుంది. చాలా మేర పైకప్పు ఉన్నా, జింకల పార్కు దాటాక ఘాట్ రోడ్డు వెంబడి నడిచే చోట వేడి కింద నుంచి కూడా వస్తుంది. చెప్పులు లేకుండా నడిచే మొక్కు ఉన్నవారికి ఆ భాగం నరకమే. శ్రీవారి మెట్టు మాత్రం పడమటి వైపు ఉంది గనుక ఉదయం చాలాసేపు కొండ నీడ మెట్ల మీదే ఉంటుంది. ఆరింటికి తెరవగానే మొదలుపెట్టి, మా అబ్బాయి అడిగిన చోటల్లా ఆగుతూ, ఎనిమిదిన్నర లోపు పైకి చేరాము. దారిలో ఒక చెట్టు కొమ్మ మీద బెట్లుడతను చూసి వాడు పది నిమిషాలు కదలలేదు. అంత పెద్ద ఉడుత ఉంటుందని మా ఇంట్లో ఇంకా ఎవరూ నమ్మడం లేదు.

మరునాడు దిగడంలోనే నేను తప్పు చేశాను. సాయంత్రం తూర్పు వాలు మీద నీడ ఉంటుందని ఆశపడి, అలిపిరి మీదుగా అప్పుడే దిగుదామనుకున్నాను. పిల్లవాడు ఉన్నందున సిబ్బంది వద్దన్నారు, వారు చేసింది న్యాయమే. ఇంకో రాత్రి ఉండి, తెల్లవారి వెలుగు రాగానే బయలుదేరి, ఎండ ముదరక ముందే పాదాల మండపం చేరాము. పిల్లలను ముందు పరుగెత్తనివ్వకండి, వెనక విడిచిపెట్టకండి, పది పదిహేను మంది గుంపుతో కలిసి నడవండి. తినుబండారాల సంచి చేతిలో కనిపిస్తే కోతులు లాక్కుంటాయి, భుజం సంచిలోనే ఉంచండి. ఇంకొక సంగతి: అలిపిరిలో సామాను అప్పగిస్తే ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు గాని, దిగేటప్పుడు దాన్ని మీరే మోసుకోవాలి. కాబట్టి రెండు రోజులకు సరిపడా బట్టలు మాత్రమే తెచ్చుకొని, మిగిలినవి తిరుపతి బసలోనే వదిలిపెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడ ఈ సమాధానాలన్నీ చదివి, మోకాలి గురించి రాసిన భాగం పాపకు కూడా చదివి వినిపించింది. దసరా ఆలోచన మానుకున్నాము. సంక్రాంతి సెలవుల చివరి రోజుల్లో, ద్వారదర్శనం రద్దీ తగ్గాక, ఆరింటికి శ్రీవారి మెట్టు దగ్గర మొదలుపెట్టి, రాత్రి కొండ మీద ఉండి, మరునాడు ఉదయం అలిపిరి మీదుగా దిగాలని నిర్ణయించుకున్నాము. చెన్నై నుంచి రాసినవారి మాట కూడా నా మనసులో నిలిచింది. అందుకని ముందు రోజు సాయంత్రమే అలిపిరి పాదాల మండపానికి వెళ్ళి మొక్కుకొని, తెల్లవారి మంగాపురం వైపు వెళ్ళాలని ఉంది. అలా చేయడం సరైనదేనా?

సమాధానం 2 ఇచ్చినవారు మళ్ళీ (చెన్నై నుంచి)

తప్పకుండా చేయండి. అలిపిరి మీదుగా దిగి మండపం చేరిన తర్వాత కూడా ఒకసారి పాదాలకు మొక్కి రండి. మా నాన్నగారు మోకాళ్ళ ఆపరేషను తర్వాత నడవలేక బస్సులో కొండకు వెళ్ళిన చివరి రెండేళ్ళూ అలాగే, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ అక్కడ బస్సు దిగి మొక్కి వచ్చేవారు.