చర్చ: డిగ్రీలో ఒక విదేశీ భాషను తప్పనిసరి చేయాలా?

వరంగల్ అధ్యాపకురాలు
మా కళాశాలలో ఈ మధ్య విద్యార్థులను రెండు ప్రశ్నలు అడిగాం: మీకు ఏయే భాషలు వచ్చు, ఇంకా ఏవి నేర్చుకోవాలని ఉంది? మొదటిదానికి దాదాపు అందరూ తెలుగు, హిందీ, ఇంగ్లీషు అని రాశారు. రెండోదానికి జర్మన్, జపనీస్, కొరియన్, ఫ్రెంచి వచ్చాయి. పొరుగు రాష్ట్రపు భాష నేర్చుకుంటామన్నవారు కనిపించలేదు. విద్యార్థుల కోరిక ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, రెండో భాష కింద తెలుగు, హిందీ, సంస్కృతం వంటివి పెట్టి ఊరుకోకుండా, ఒక విదేశీ భాషను నాలుగు క్రెడిట్ల తప్పనిసరి పేపరుగా చేర్చాలని నా ప్రతిపాదన. వ్యతిరేకించేవారు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

చివరి సెమిస్టర్, మెకానికల్
నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. మాస్టర్స్ ఇంగ్లీషులోనే చదవవచ్చు కదా అనుకుని వెళ్ళిన మా సీనియర్లు అక్కడ పార్ట్‌టైం పనికీ, చదువయ్యాక ఉద్యోగానికీ భాష రాక ఇబ్బంది పడుతున్నారు. జపాన్ 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన నైపుణ్య కార్మికుల వీసాకు కూడా సాధారణంగా జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్4 అనే ప్రాథమిక స్థాయి గానీ, దానికి సమానమైన పరీక్ష గానీ ఉండాలి. అమీర్‌పేటలో డబ్బు కట్టి ఈ భాషలు నేర్చుకునే స్తోమత అందరికీ ఉండదు కనుక, కళాశాలే నేర్పితే ఎక్కువ మేలు కలిగేది పేద విద్యార్థికే.

జర్మన్ బోధకుడు, తార్నాక
స్తోమత మాట నిజమే గానీ, గంటల లెక్క కూడా చూడాలి. ఒక క్రెడిట్‌కు 15 గంటల బోధన చొప్పున నాలుగు క్రెడిట్లకు 60 గంటలు వస్తాయి. జర్మన్ నేర్పే గోథే సంస్థ, మధ్యస్థాయి అయిన బీ1 పరీక్షకు 45 నిమిషాల పాఠాలు 350 నుంచి 650 వరకు కావాలంటుంది, అంటే సుమారు 260 నుంచి 490 గంటలు. కిక్కిరిసిన తరగతి గదిలో అరవై గంటలు చెబితే పేరు, ఊరు చెప్పుకోవడం, ధర అడగడం వరకు వస్తుంది. దాంతో ఉద్యోగం ఇచ్చేవారు ఎవరూ ఉండరు. పైగా తప్పనిసరి చేస్తే ఇంటర్‌లో సంస్కృతానికి పట్టిన గతే దీనికీ పడుతుంది. మార్కుల కోసం తీసుకున్న పిల్లల్లో చాలామంది రెండేళ్ళయ్యాక ఒక చిన్న శ్లోకానికి అర్థం చెప్పమంటే తెల్లమొహం వేస్తారు. ఐచ్ఛికంగా పెట్టి, ఇష్టపడి వచ్చిన కొద్దిమందికి మూడేళ్ళ పాటు వరుసగా నేర్పడమే మేలు. జపనీస్‌లో మనవాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది: క్రియ వాక్యం చివర రావడం, ప్రత్యయాలు నామవాచకం తరువాత చేరడం తెలుగులో లాగానే ఉంటాయి కనుక వాక్యం కట్టడం త్వరగా పట్టుబడుతుంది. చైనా లిపి నుంచి వచ్చిన కంజి అక్షరాలు మొదలయ్యాక ఆ సుఖం ఉండదనుకోండి.

తండా నుంచి, మహబూబాబాద్ జిల్లా
మేడం గారూ, నా అభ్యంతరం మీ మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు మీదే. మా ఇంట్లో లంబాడీ మాట్లాడతాం, అయినా ఏ దరఖాస్తులోనైనా నేనూ తెలుగు, హిందీ, ఇంగ్లీషు అనే రాస్తాను, ఎందుకంటే లంబాడీ అని రాస్తే దాన్ని భాషగా లెక్కపెట్టేవారు తక్కువ. 2011 జనగణనలో లంబాడీ తమ మాతృభాష అని చెప్పిన సుమారు 33 లక్షల మందిని హిందీ కిందే కలిపారు. జనగణన పత్రంలో మాతృభాష కాక మరో రెండు భాషలు రాయడానికే చోటు ఉంది కాబట్టి, నాలుగు మాట్లాడే మనిషి ప్రభుత్వ లెక్కలో మూడు భాషల మనిషిగానే తేలతాడు. కనీసం రెండు భాషలు వచ్చినవారు దేశంలో నూటికి సుమారు 26 మంది, మూడు వచ్చినవారు ఏడుగురు అని ఆ జనగణనే చెప్పింది. ఆ అంకెలు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇక హిందీ అని రాసినవారిలో ఎందరు దేవనాగరిలో ఒక పుట ధారాళంగా చదవగలరు? హైదరాబాద్ పిల్లలు హిందీ అని చెప్పేది చాలాసార్లు వీధిలో అబ్బిన దక్కనీ. దాన్ని రాసేది ఉర్దూ లిపిలో, ఆ లిపి వారికి రాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా ఉన్న నగరంలో ఉర్దూ బోర్డు చదవలేని పట్టభద్రులకు కొదవ లేదు. ఆదిలాబాద్‌లో ఇంట్లో గోండి, బడిలో తెలుగు, సంతలో మరాఠీ మాట్లాడే విద్యార్థులు ఉన్నారు. ఆ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టికలో, చోటు దొరికింది. నేను చదివిన కళాశాలలో మాత్రం ఆ లిపి పేరైనా విన్నవారు లేరు. నోటికి వచ్చి చేతికి రాని భాష ఇలా చాలామందికి ఒకటి ఉంది. ఆ నాలుగు క్రెడిట్లు ముందు దానికివ్వండి. అరవై గంటల్లో జర్మన్ రాదని బోధకుడు గారే అన్నారు, మాట వచ్చినవాడికి లిపి నేర్పడానికి అరవై గంటలు ధారాళంగా సరిపోతాయి.

చివరి సెమిస్టర్, మెకానికల్
అన్నా, మీ ఆవేదనను కాదనను, కానీ ఉర్దూ చదవడం వస్తే నాకు ఉద్యోగం ఎవరిస్తారు? మా నాన్న అప్పు చేసి చదివిస్తున్నారు. నేర్చుకోవాలనుకునే భాషల పేర్లలో జర్మన్, జపనీస్ ముందుండడానికి కారణం వ్యామోహం కాదు, జీతం.

కుప్పం
జీతం సంగతే మాట్లాడుకుందాం. మా ఊరు తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల దగ్గర ఉంది; 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ వెలియడానికి అదొక కారణం. ఇక్కడ చాలామందికి తమిళం, కన్నడం మాట్లాడడం సహజంగానే అబ్బుతుంది, అయినా భాషలు ఎన్ని వచ్చని అడిగితే వాటిని చెప్పరు. ప్రతిరోజూ రైలెక్కి బెంగళూరులో పనికి వెళ్ళి వచ్చేవారిలో కన్నడం చదవగలిగినవారికి సూపర్‌వైజర్ పని దొరుకుతుంది, మాట మాత్రమే వచ్చినవారు యంత్రం దగ్గరే ఉండిపోతారు. స్టేట్ బ్యాంకు సర్కిల్ ఆధారిత ఆఫీసర్ల నియామకంలో ఎంచుకున్న రాష్ట్రపు భాష చదవడం, రాయడం రావాలి. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి వచ్చినవి కనుక మనవాళ్ళకు ఆ అక్షరాలు కొద్ది వారాల పని. బెర్లిన్ వెళ్ళేవారిని ఆపమని అనడం లేదు. హోసూరు వెళ్ళేవారి సంఖ్య ఎక్కువన్నది కూడా మరచిపోకూడదు.

వరంగల్ అధ్యాపకురాలు
తప్పనిసరి అన్న మాటను ప్రతిపాదన నుంచి తీసివేస్తున్నాను. నాలుగు క్రెడిట్లను విద్యార్థి తనకు మాట వచ్చిన భాషలో చదవడం, రాయడం నేర్చుకోవడానికి గానీ, మూడేళ్ళ విదేశీ భాషా కోర్సులో మొదటి మెట్టుగా గానీ వాడుకోవచ్చని మార్చి రాస్తాను. అయితే లంబాడీకి పాఠం చెప్పేదెవరు, పేపరు దిద్దేదెవరు అని మా పాఠ్యప్రణాళికా సంఘంలో తప్పక అడుగుతారు. వారికి నేనేం చెప్పాలి?

తండా నుంచి, మహబూబాబాద్ జిల్లా
మా దగ్గర లంబాడీని తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటున్నారు. తండా పెద్దల పాటలు, పంచాయితీ తీర్పులు రికార్డు చేసి, వాటిని రాసి, తెలుగులోకి అనువదించి తేవడమే పరీక్షగా పెట్టండి. దిద్దడానికి మాలో ఎం.ఏ., బీఈడీ చేసి ఖాళీగా ఉన్నవారు కావలసినంతమంది ఉన్నారు, గౌరవ వేతనం ఇస్తే వస్తారు.

చివరి సెమిస్టర్, మెకానికల్
మారిన ప్రతిపాదనకు నాకు అభ్యంతరం లేదు, ఒక షరతు తప్ప. జర్మన్ చెప్పడానికి వచ్చిన అధ్యాపకుడు మూడేళ్ళూ ఉంటాడని కళాశాల రాసివ్వాలి. ఒక సెమిస్టరు చెప్పి వెళ్ళిపోయే గెస్ట్ లెక్చరర్‌తోనే సరిపెడితే, అప్పు ఇంకొంచెం పెరిగినా నేను అమీర్‌పేటకే వెళ్తాను.