పాత కాగితం బ్యాలెట్లు ఎన్నేళ్లు ఉంచాలి? రేపు పొద్దున్నే చెత్త బండి వస్తుంది

నిమ్మతోట:
అందరికీ నమస్కారం. సాయంత్రం ఐదింటికి ఈ పని మీద కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి పదకొండున్నర, ఒక్క ముక్క తేలలేదు. ఇక్కడ అమెరికాలో మా హెచ్‌ఓఏకి, అంటే కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘానికి, నెల క్రితం నన్ను సెక్రటరీని చేశారు. పాత సెక్రటరీగారు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోతూ నాలుగు అట్టపెట్టెలు మా గరాజ్‌లో దించి వెళ్లారు. విప్పి చూస్తే అన్నీ ఓటింగ్ కాగితాలే, 2013 నుంచీ ఉన్నాయి. వేడికి రబ్బరు బ్యాండ్లు కరిగి కవర్లకు అంటుకుపోయాయి, లాగితే బ్యాండుతో పాటు కాగితం ఊడి వస్తోంది. ఒక పెట్టె అడుగు తడిసి బూజు పట్టింది. రెండు వారాలుగా మా ఆయన కారు బయటే ఉంటోంది, రేపు చెత్త బండి వస్తుంది కదా పడేసెయ్ అంటున్నారు. మేనేజ్‌మెంట్ కంపెనీని అడిగితే మీ బోర్డు ఇష్టం అన్నారు, ప్రెసిడెంటుగారిని అడిగితే కంపెనీని అడగమన్నారు. నెట్‌లో ఒకచోట 1 ఏడాది, ఒకచోట 3, ఇంకోచోట 7, మరోచోట శాశ్వతంగా అని ఉంది. ఎన్నేళ్లు ఉంచాలో ఒక్క అంకె చెప్పండి చాలు.

సూటిగా:
ఏ రాష్ట్రం?

కృష్ణాతీరం:
ఒక ఏడాది అండీ. మా కాలిఫోర్నియా చట్టంలో స్పష్టంగా ఉంది. ఎన్నిక జరిపించడానికి బయటివాళ్లను ఇన్‌స్పెక్టర్‌గా పెట్టుకుంటాం. బ్యాలెట్ లోపలి కవర్లో పేరు లేకుండా ఉంటుంది, పై కవరు మీద ఓనరు సంతకం. లెక్క అయ్యాక బ్యాలెట్లు, సంతకాల కవర్లు, ఓటర్ల జాబితా, ప్రాక్సీలు అన్నీ ఇన్‌స్పెక్టర్ దగ్గరే ఉంటాయి. ఫలితం తెలియజేసిన రోజు నుంచి ఏడాది లోపు ఎవరైనా కోర్టుకు వెళ్లొచ్చు, ఆ గడువు దాటాక వాటిని అసోసియేషన్‌కి అప్పగిస్తారు. నేను రెండుసార్లు బోర్డులో ఉన్నాను, ఇదే పద్ధతి. 2013వి మీరెందుకు దాస్తున్నారో నాకు అర్థం కావడం లేదు.

సముద్రపుగాలి:
మాదీ ఏడాదే. ఫ్లోరిడా. విడి ఇళ్ల హెచ్‌ఓఏకి రాష్ట్ర చట్టాల్లో 720వ అధ్యాయం, కాండోలకు, అంటే ఫ్లాట్లకు, 718. మిగతా రికార్డులకు 7 ఏళ్లు అని ఉన్నా బ్యాలెట్లు, సైన్ ఇన్ షీట్లు, ప్రాక్సీలు, ఓటింగ్‌కి సంబంధించిన కాగితాలకు మాత్రం విడిగా ఒక ఏడాది అని రాశారు. అరిజోనాలో మా తమ్ముడి అసోసియేషన్‌లో కూడా ఏడాదే, బ్యాలెట్లు, కవర్లు రెండూ ఉంచాలి, స్కాన్ చేసి ఉంచినా ఒప్పుకుంటారు.

మియాపూర్ నుంచి:
నేను హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో పదేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. మన దేశంలో లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకు 1961 నాటి నియమావళి ఉంది. ఫలితం వచ్చాక ఎన్నిక పిటిషన్‌కి 45 రోజులు గడువు. వాడిన బ్యాలెట్ పేపర్ల ప్యాకెట్లను మాత్రం ఏడాది పాటు సీలు వేసి ఉంచి, కోర్టు వద్దనకపోతే తర్వాత ధ్వంసం చేస్తారు. గడువు 45 రోజులే అయినా కాగితం ఏడాది ఎందుకు ఉంచారో గమనించండి, పిటిషన్ పడ్డాక రుజువు కావాలి కదా. అసోసియేషన్లు నేర్చుకోవాల్సింది ఇదే. మా దగ్గర అయితే చేతులెత్తి గెలిపించేస్తారు, కాగితమే ఉండదు, మర్నాడు గొడవ వస్తే చూపించడానికి మినిట్స్ పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. మీ దగ్గర కాగితం ఉంది, అది అదృష్టం. కనీసం జనరల్ బాడీలో తీర్మానం పెట్టి...

సూటిగా:
ఆవిడ అమెరికాలో ఉన్నారు. రాష్ట్రం చెప్పమనండి ముందు.

అరటిదొన్నె:
ఎన్నేళ్లన్న మాట తర్వాత. చెత్త బండిలో మాత్రం వేయకండి! ఆ కాగితాల మీద పేరు, ఇంటి నంబరు, సంతకం ఉంటాయి. మా వీధిలో గాలికి రీసైక్లింగ్ డబ్బా పడిపోయి, ఎవరిదో ట్యాక్స్ కాగితం మా వాకిట్లోకి వచ్చింది, ఆ పేజీ మీద సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంది. వెళ్లి వాళ్లకి ఇచ్చొచ్చాను, ఆమె ముఖం పాలిపోయింది. అప్పటి నుంచి నేను కరెంటు బిల్లు కూడా చించకుండా పడేయను. కాగితాలు ముక్కలు చేసే ష్రెడ్డర్‌లో కూడా నిలువు చీలికలు కోసేది పనికిరాదు, అడ్డంగా నిలువుగా ముక్కలు చేసేది కావాలి. నాలుగు పెట్టెలంటే ఇంట్లో అయ్యే పని కాదు, బరువు లెక్కన తీసుకుని ముక్కలు చేసి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకోండి.

కృష్ణాతీరం:
సంతకం బ్యాలెట్ మీద ఉండదు అండీ, కవరు మీద ఉంటుంది. బ్యాలెట్ అంటేనే రహస్యం.

అరటిదొన్నె:
మా దగ్గర బ్యాలెట్ మీదే సంతకం చేయించారు.

కృష్ణాతీరం:
అయితే అది బ్యాలెట్ కాదు, ప్రాక్సీ అయ్యుంటుంది. ప్రాక్సీ అంటే నా బదులు ఫలానావారు ఓటు వేస్తారని రాసిచ్చేది. రెండూ ఒకటి కావు, చాలామంది కలిపేస్తారు.

నిమ్మతోట:
పొద్దున లేచేసరికి ఇన్ని రిప్లైలు, అందరికీ ధన్యవాదాలు. చెత్త బండి వెళ్లిపోయింది, నేనేమీ వేయలేదు. మాది టెక్సస్, డాలస్ పక్కన. రాష్ట్రాన్ని బట్టి మారుతుందని నిజంగా తెలియదు, అమెరికా అంతా ఒకటే చట్టం అనుకున్నాను. విడి ఇళ్లే, మొత్తం 212. మా బ్యాలెట్ల మీద కూడా సంతకాలు ఉన్నాయి. రాత్రి కొన్ని విప్పి చూశాను, పోయినేడాది మా వీధి వాళ్లు ఎవరికి వేశారో కనబడుతూనే ఉంది. ప్రాక్సీలు వేరే కట్టలో ఉన్నాయి, అవి పసుపు కాగితాలు.

పత్తిచేను:
ఇప్పుడు చెప్పొచ్చు. నేను టెక్సస్‌లోనే, ఆరేళ్లు ట్రెజరర్‌గా చేశాను. కృష్ణాతీరంగారూ, మీరు చెప్పింది మీ రాష్ట్రానికి సరే, ఇక్కడ పద్ధతి తిరగబడి ఉంటుంది. ఇక్కడ ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం ప్రకారం మామూలుగా ఓటు రాతపూర్వకంగా ఉండి ఓనరు సంతకం చేయాలి. రహస్య బ్యాలెట్ కావాలంటే అసోసియేషన్ దానికి విడిగా రూల్స్ పెట్టుకోవాలి. కాబట్టి ఆవిడ దగ్గర ఉన్నవి బ్యాలెట్లే, ప్రాక్సీలు కావు.

నిమ్మతోటగారూ, ముందు ఒక మాట, కోప్పడుతున్నానని అనుకోకండి. ఆ కట్టలు ఇంక విప్పొద్దు. లెక్కపెట్టడానికి నియమించినవాళ్లు, లేదా చట్టప్రకారం రీకౌంట్ జరిగితే ఆ పని చేసేవాళ్లు మాత్రమే బ్యాలెట్లు చూడాలి. ఎవరు ఎవరికి వేశారన్నది లెక్కపెట్టినవాళ్లు కూడా బయటికి చెప్పకూడదు. పోటీ చేసినవాళ్లు, వాళ్ల దగ్గరి బంధువులు అయితే లెక్కింపులోనే కూర్చోకూడదు. మీరు పోయినేడాది నిలబడ్డారా?

నిమ్మతోట:
అవునండీ, బోర్డుకి నిలబడి గెలిచాను. నెల క్రితం బోర్డు వాళ్లు సెక్రటరీ పని నాకు ఇచ్చారు. అయ్యో, చాలా టెన్షన్‌గా ఉంది. చూసింది ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. వెంటనే టేపు వేసేస్తాను.

పత్తిచేను:
మంచిది. పెట్టె మీద సంవత్సరం, ఏ ఎన్నిక, టేపు వేసిన తేదీ రాసి ఇంకో బోర్డు మెంబరు చేత కూడా సంతకం పెట్టించండి. విప్పిన సంగతి మీరే ముందుగా బోర్డుకి చెప్పేయండి, తర్వాత ఇంకెవరి నోటి నుంచో వస్తే బాగుండదు.

ఇక మీరడిగిన అంకె. 14 కంటే ఎక్కువ ఇళ్లున్న ప్రతి హెచ్‌ఓఏకీ టెక్సస్‌లో డాక్యుమెంట్ రిటెన్షన్ పాలసీ ఉండి తీరాలి, ఏవి ఎన్నాళ్లు ఉంచాలో చట్టం కనీస గడువులు ఇచ్చింది. డిక్లరేషన్ (కాలనీ ఇళ్లకు వర్తించే షరతుల మూల పత్రం), బైలాస్ (అసోసియేషన్ నడిపే నియమాలు), వాటి సవరణలు శాశ్వతంగా. లెక్కల పుస్తకాలు 7 ఏళ్లు. మీటింగ్ మినిట్స్ 7, ట్యాక్స్ రిటర్న్‌లు, ఆడిట్ 7. ఒక్కో ఓనరు ఖాతా వివరాలు 5. ఏడాది, ఆపైన ఉన్న కాంట్రాక్టులు అవి ముగిశాక 4. ఈ జాబితాలో బ్యాలెట్ అన్న మాట లేదు. అందుకే మీకు నెట్‌లో తలోరకంగా కనబడింది. అంటే మీ అసోసియేషన్ పాలసీలో ఏముందో అదే మీకు రూలు. ఇలాంటి పాలసీలు మామూలుగా కౌంటీ, అంటే జిల్లా, ఆఫీసులో రికార్డు చేస్తారు, కౌంటీ క్లర్క్ వెబ్‌సైట్‌లో మీ సబ్‌డివిజన్, అంటే కాలనీ, పేరుతో వెతకండి.

సముద్రపుగాలి:
పాలసీలో కూడా లేకపోతే? మా దగ్గర ఏడాది అని నేరుగా చట్టంలోనే ఉంది కాబట్టి తలనొప్పి లేదు.

పత్తిచేను:
అప్పుడు బోర్డు కూర్చుని, లాయరుతో ఒకసారి మాట్లాడి పాలసీలో చేర్చుకోవాలి. రీకౌంట్ అడగడానికి ఇక్కడ గడువు చాలా తక్కువ, మీటింగ్ తేదీ, ఫలితం ప్రకటించిన తేదీ, ఈ రెంటిలో ఏది ఆఖరుదైతే దాని నుంచి 15 రోజులు. రాసి ఇవ్వాలి, ఖర్చు అడిగినవాళ్లదే, ఫలితం మారితే మాత్రం అసోసియేషన్ తిరిగి ఇవ్వాలి. అది చూసి 16వ రోజున పడేయొచ్చు అనుకునేవాళ్లు ఉన్నారు, అది పొరపాటు. రీకౌంట్ గడువు వేరు, కోర్టుకు వెళ్లే గడువు వేరు. విడిగా గడువు చెప్పని దావాలకు టెక్సస్‌లో 4 ఏళ్లు. మేము ఆ 4 చూసే బోర్డు ఎన్నికల బ్యాలెట్లకు 4 ఏళ్లు, పైన ఒక ఏడాది కలిపి 5 పెట్టుకున్నాం.

మియాపూర్ నుంచి:
నేను చెప్పిందీ అదే కదా. గడువు కంటే కాగితం ఎక్కువ రోజులు ఉండాలి.

కృష్ణాతీరం:
పత్తిచేనుగారూ, సంతకం చేసిన బ్యాలెట్ అంటే పక్కింటివాళ్లకు భయపడి ఓటు వేయరా జనం? అది ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది? మా దగ్గర రెండు కవర్ల పద్ధతి వచ్చింది అందుకే. నేను దీని మీద బోర్డులో రెండేళ్లు పోరాడాను.

సూటిగా:
అది వేరే పోస్టు పెట్టండి. ఇంకో మాట, కాలిఫోర్నియాలో ఏడాది అయ్యాక పారేయమని లేదు. మీరే పైన రాశారు, అసోసియేషన్‌కి అప్పగిస్తారని. అప్పగించడం అంటే పారేయడం కాదు.

కృష్ణాతీరం:
పారేయమని నేను అనలేదు. ఎందుకు దాస్తున్నారో అర్థం కాలేదు అన్నాను.

అరటిదొన్నె:
బూజు పట్టిన పెట్టె సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. దాన్ని మిగతా పెట్టెల పక్కన ఉంచకండి, బూజు పాకుతుంది. చిన్నపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త.

నిమ్మతోట:
దాన్ని వేరే తీసి వరండాలో పెట్టాను. కౌంటీ సైట్‌లో పాలసీ దొరికింది, 2012లో రికార్డు చేశారు. పత్తిచేనుగారు చెప్పిన జాబితానే ఉంది, బ్యాలెట్ల మాట లేదు. ఇంకో సంగతి, ముఖ్యమో కాదో తెలియదు. నాలుగో పెట్టెలో ఉన్నవి ఎన్నికవి కావు, ఇళ్లు అద్దెకు ఇవ్వడం మీద 2022లో ఒక రూలు తెచ్చారు కదా, దానికి ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించిన ఫారాలు. ఆ రూలు చెల్లదని నాలుగు ఇళ్లున్న ఒకాయన మార్చిలో లాయరు చేత ఉత్తరం రాయించారు. బూజు పట్టింది ఆ పెట్టెకే.

సూటిగా:
ఇది మొదటే చెప్పాల్సింది.

పత్తిచేను:
నిమ్మతోటగారూ, ఆ నాలుగో పెట్టెలో ఒక్క కాగితం కూడా కదపకండి! లాయరు ఉత్తరం వచ్చిందంటే పాలసీ ఎన్నేళ్లు అన్నా సరే, ఆ వివాదం తేలేదాకా దానికి సంబంధించిన ఏ కాగితమూ తీసేయకూడదు. తీసేస్తే మీరే రుజువు మాయం చేశారని అవతలి లాయరు జడ్జి ముందు అంటాడు. చెత్త బండి వెళ్లిపోవడం మంచిదైంది. అవి డిక్లరేషన్ సవరణ ఫారాలు. మామూలుగా దానికి మొత్తం ఓట్లలో 67 శాతం కావాలి, మీ డిక్లరేషన్‌లో అంతకంటే తక్కువ శాతం రాసి ఉంటే అది చాలు. 212లో 67 శాతం అంటే 143 ఇళ్లు. ఆ 143 ఉన్నాయా లేవా అన్నదే ఆయన దావాకి ప్రాణం, దానికి జవాబు మీ వరండాలో ఉంది. కౌంటీలో రికార్డు చేసిన సవరణ కాగితం శాశ్వతంగా ఉంటుంది, కానీ దాని వెనక ఉన్న సంతకాలు ఈ పెట్టెలోనే ఉన్నాయి కదా. మా దగ్గర సవరణ సంతకాలు ఎప్పటికీ తీసేయం, బోర్డు ఎన్నికల బ్యాలెట్లతో కలిపి చూడం.

సముద్రపుగాలి:
అవి బ్యాలెట్లు కూడా కాదు కదా అసలు. కన్సెంట్ ఫారాలు.

కృష్ణాతీరం:
మా దగ్గర డిక్లరేషన్ సవరణకి కూడా రహస్య బ్యాలెటే. ఇంటింటికీ తిరగడం ఒప్పుకోరు.

పత్తిచేను:
పేరు ఏదైనా సరే, ఈ రోజే వాటిని లోపలికి, ఎయిర్ కండిషన్ ఉన్న గదిలోకి తేవాలి. తడిసినవాటిని విడదీయడానికి ప్రయత్నించకండి, మీ హెచ్‌ఓఏ లాయరుకి ఫోన్ చేసి తడిసిందని చెప్పండి, ఎవరు ముట్టుకోవాలో వాళ్లే చెబుతారు. మీ ఆయన కారు సంగతికి, మిగతా మూడు పెట్టెల కోసం నెలకి ఇంత అని ఒక స్టోరేజ్ యూనిట్ తీసుకోండి, అది హెచ్‌ఓఏ ఖర్చు, మీది కాదు. పాలసీ మార్చుకున్నాక 2013 నుంచి ఉన్న పాత బోర్డు ఎన్నికలవి, వివాదం లేనివి, ముక్కలు చేయించి ఏ ఏడాదివి తీసేశారో మినిట్స్‌లో రాయించండి.

అరటిదొన్నె:
స్కాన్ చేసి అసలువి పడేస్తే కుదరదా?

పత్తిచేను:
అరిజోనా లాగా ఇక్కడ అలా రాసి లేదు. సవరణవి మాత్రం అసలే ఉండాలి అని మా లాయరు అన్నారు. సంతకం నిజమైనదేనా అని ఎవరైనా అడిగితే స్కాన్ చూసి చెప్పడం కష్టం.

మియాపూర్ నుంచి:
మా దగ్గర కూడా ఇలాంటి సవరణ సంతకాల గొడవే ఒకటి నడుస్తోంది, ఫ్లాట్ ఇద్దరి పేరు మీద ఉంటే ఒక్కరి సంతకం సరిపోతుందా అని. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

నిమ్మతోట:
లాయరుకి మెయిల్ పెట్టాను. పెట్టె ఆఫీస్ రూంలోకి వచ్చింది. శనివారం బోర్డు మీటింగ్‌లో అన్నీ చెబుతాను. థాంక్స్ అండీ, ఉంటాను.

ఎర్రమందారం:
మాది జార్జియా, కాండో, 64 యూనిట్లు, కేసులేమీ లేవు. 2019 బ్యాలెట్లు, ప్రాక్సీలు ఉన్నాయి. మాకు ఎన్నేళ్లో ఎవరైనా చెబుతారా?