చెయ్యి తిరగాలా, ఆలోచన చాలా? రస్కిన్ అన్నమాట తప్పా ఒప్పా

డ్రాయింగ్ మాస్టారు:
ముప్ఫై ఏళ్లు పిల్లలకు షేడింగ్ దిద్దించిన చెయ్యండీ ఇది. ఇటలీ కళాకారుడు కట్టెలాన్ 2019లో కళాఖండమంటూ గోడకు టేపుతో అంటించిన అరటిపండు 2024 వేలంలో 62 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఐడియా ఉంటే చాలంటే బళ్లో మేం నేర్పేదేంటి? 1877లోనే ఇంగ్లండు కళా విమర్శకుడు రస్కిన్, విస్లర్ అనే చిత్రకారుడి బొమ్మ చూసి, జనం మొహాన రంగు డబ్బా విసిరికొట్టి 200 గినీలు (అప్పటి బ్రిటిష్ డబ్బు) అడుగుతున్నాడని రాశాడు. నాకది ఇవాళ్టికీ సబబే.

నిశిరాత్రి:
మాస్టారూ, ఆ బొమ్మ పెద్దది చేసి చూడండి. లండన్ క్రెమోర్న్ తోటలో రాత్రిపూట బాణాసంచా. చీకట్లో రాలే రవ్వలు, కింద పొగలో కలిసిపోయిన మనుషులు. అంత పల్చటి రంగుతో అంత చీకటి నిలబెట్టడం తేలికా? విస్లర్ పరువునష్టం దావా వేశాడు. రెండు రోజుల పనికా ఇంత ధర అని 1878లో కోర్టులో రస్కిన్ తరఫు లాయరు అడిగితే, కాదు, జీవితమంతా నేర్చుకున్నదానికి అన్నాడు. కేసు గెలిచాడు. పరిహారం ఒక్క ఫార్దింగ్, పెన్నీలో పావు వంతు! మరుసటి ఏడాదే దివాలా. నున్నగా తీర్చిదిద్దడమే పనితనం అనుకున్నాడు రస్కిన్, అక్కడే పప్పులో కాలేశాడు.

రోలరు:
అసలీ రెంటినీ ఎందుకు విడదీస్తున్నారు? మన చిత్తూరు జిల్లాలో పుట్టిన ప్రింట్ల కళాకారుడు కృష్ణారెడ్డి (1925-2018) సంగతి చూడండి. పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ల వర్క్‌షాపులో, ఎత్తుపల్లాలు చెక్కిన ఒకే లోహపు ప్లేటు మీద ఒకేసారి చాలా రంగులు అచ్చు వేసే పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకు గట్టి రోలరుతో ప్లేటు పైభాగానికి పడుతుంది. తర్వాత చిక్కటి ఇంకు మెత్తటి రోలరుతో లోతుల్లోకి దిగుతుంది, పల్చటిదాని మీద మాత్రం అంటుకోదు. ఇక్కడ పనితనం ఏది, కొత్తదనం ఏది? నేనూ ప్రయత్నించా. మూడు ప్రింట్లూ బురదరంగే.

డ్రాయింగ్ మాస్టారు:
కృష్ణారెడ్డి గారికి దణ్ణం పెడతాను. కానీ ఇద్దరూ అరటిపండుని దాటేశారు.

నిశిరాత్రి:
నాకూ నచ్చలేదండీ. చేతిపని లేదని కాదు. 1917లోనే ఫ్రెంచ్ కళాకారుడు డ్యూషాంప్ న్యూయార్క్ కళా ప్రదర్శనకు యూరినల్ మీద దొంగపేరుతో సంతకం పెట్టి పంపాడు. వందేళ్ల తర్వాత అదే ఎత్తు వేస్తే కొత్తదనం ఎక్కడుంది?

డ్రాయింగ్ మాస్టారు:
ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! రోలరు గారూ, ఆ బురదరంగు ప్రింట్లు పారేశారా? ఉంటే ఒక ఫొటో పెట్టండి.