అమ్మ పచ్చళ్ళ బిజినెస్‌కి ఫ్రీ మెయిల్ ఐడీ ఏది తీసుకోవాలి?

తెనాలి_కుర్రాడు:
అందరికీ నమస్తే. మా అమ్మ ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది, ఇన్నాళ్ళూ అంతా వాట్సాప్‌లోనే నడిచింది కానీ ఇప్పుడు డల్లాస్‌లో మా బాబాయి వాళ్ళ ఫ్రెండ్సు కూడా అడుగుతున్నారు, కొరియర్ వాళ్ళేమో బిల్లూ ట్రాకింగూ మెయిల్‌కే పంపుతాం అంటున్నారు. నా కాలేజీ రోజుల యాహూ ఐడీ ఒకటుండేది, ఏడాదిన్నర ఓపెన్ చెయ్యలేదు, మొన్న చూస్తే లోపల ఒక్క మెయిల్ లేదు, మొత్తం ఊడ్చేశారు. మార్కుల మెమో స్కాన్ కూడా అందులోనే పోయింది 😭 అందుకే ఈసారి అడిగి పెడదామని. డబ్బులు కట్టే ఉద్దేశం లేదు. అమ్మ ఫోన్లో కూడా రావాలి, తనకి ఇంగ్లీషు అంతంతమాత్రం.

నిద్రలేని_అడ్మిన్:
జీమెయిల్ పెట్టేయ్ బ్రో. ఫోన్ లాంగ్వేజ్ తెలుగు పెడితే యాప్ కూడా తెలుగులోనే వస్తుంది. 15 జీబీ ఇస్తాడు కానీ అది మెయిల్ ఒక్కదానికే కాదు, డ్రైవూ ఫోటోలూ అన్నిటికీ కలిపి, 2021 జూన్ నుంచి ఫోటోలు కూడా లెక్కలోకే. జాడీల వీడియోలు తీసుకుంటూ బ్యాకప్ ఆన్‌లో వదిలేశావనుకో ఎప్పుడో ఒకరోజు నిండుతుంది, నిండాక ఆర్డర్ మెయిల్ రాదు, పంపినవాళ్ళకే తిరిగెళ్ళిపోద్ది. అందుకని అమ్మ సొంత ఐడీ వాడకు, షాపుకి వేరేది తీసి దాంట్లో ఫోటో బ్యాకప్ ఆపెయ్.

మౌనవ్రతం99:
గూగుల్ వద్దనుకుంటే ప్రోటాన్ చూడండి, స్విట్జర్లాండ్ వాళ్ళది, మన మెయిల్స్ వాళ్ళు కూడా చదవలేరు. నేను బ్యాంకు మెయిల్స్‌కి అదే వాడతా. ఫ్రీలో 1 జీబీయే, రోజుకి 150 మెయిల్స్ దాకా పంపొచ్చు.

నిద్రలేని_అడ్మిన్:
@మౌనవ్రతం99 ఆవకాయ రేటు ఎన్‌క్రిప్ట్ చేసి ఎవరి దగ్గర దాస్తాం చెప్పు 😂

బెజవాడ_వెబ్:
తమ్ముడూ, అమ్మ షాపు పేరుతో డొమైన్, అంటే ఐడీలో @ తర్వాత వచ్చే సొంత పేరు, కొనే ఆలోచన ఉంటే జోహో చూడు, చెన్నై వాళ్ళది. సొంత డొమైన్ మీద ఐదుగురి దాకా ఫ్రీ, ఒక్కొక్కరికి 5 జీబీ. ఆ ఫ్రీ ప్లాన్ ధరల పేజీలో ఎక్కడో అడుగున ఉంటుంది, ఓపిగ్గా కిందకి జరుపుకుంటూ పో. ఒక్కటే మెలిక, ఫ్రీలో ఐమ్యాప్ ఉండదు, అంటే ఫోన్లో ముందే ఉన్న మెయిల్ యాప్‌లో రాదు, వాళ్ళ యాప్ వేసుకోవాల్సిందే. డొమైన్‌కి ఏటా డబ్బు కట్టాలి, అది మాత్రం ఫ్రీ కాదు. కానీ రేపు జోహో నచ్చకపోతే అదే అడ్రస్ పట్టుకుని ఇంకోచోటికి పోవచ్చు, డబ్బాల మీద లేబుళ్ళు మార్చే పనుండదు.

సుజాత_హైదరాబాద్:
అందరూ జీబీలే లెక్కపెడుతున్నారు, అసలు బాబు పాత ఐడీ పోయింది జీబీలు చాలక కాదు కదా! లాగిన్ అవ్వకపోతే ఎన్నాళ్ళకి తీసేస్తారో చూడండి ముందు. యాహూలో ఏడాది, గూగుల్‌లో రెండేళ్ళు, టూటా అని ఇంకో మెయిల్ సర్వీసుంది, అందులో ఫ్రీ అకౌంట్ అయితే ఆర్నెల్లే. ఇంకోటి, రికవరీ నంబరు అమ్మగారిది ఒక్కటే పెట్టకుండా మీ మెయిల్ కూడా ఇవ్వండి. నేను సిమ్ మార్చి, రికవరీలో పాత నంబరు అలాగే వదిలేశా, ఓటీపీ దానికే పోతోంది, ఫోన్ చేస్తే నెల్లూరు నుంచి ఎవరో పెద్దాయన ఎత్తారు 🤦‍♀️

తెనాలి_కుర్రాడు:
థాంక్స్ అక్కా, ఏడాది అయితే నాది పోయిందంటే పోదూ మరి. డొమైన్ సంక్రాంతి ఆర్డర్లు చూసి ఆలోచిస్తా, ఇప్పటికి జీమెయిలే. కూర్చుని ట్రై చేస్తున్నా, షాపు పేరు ఎవరో తీసేసుకున్నారు, మధ్యలో చుక్క పెట్టినా ఒప్పుకోవట్లేదు?

నిద్రలేని_అడ్మిన్:
జీమెయిల్‌కి చుక్క ఉన్నా లేకున్నా ఒకటే బ్రో. చివర ఊరి పేరు తగిలించు. అంకెలు మాత్రం వద్దు, ఫోన్లో చెప్పలేక అమ్మ చస్తుంది.

తెనాలి_కుర్రాడు:
వచ్చింది!! అమ్మ అడుగుతోంది, ఇందులో వాయిస్ మెసేజ్ పెట్టొచ్చా అని 😅