విప్పుల్ ఆపరేషన్‌కి ఇంతమంది డాక్టర్లు ఎందుకు? చెన్నైలో చేయించినవాళ్లు చెప్పండి

గూడూరు కుర్రోడు:
నాన్నకి 63 ఏళ్లు, షుగర్ ఉంది. క్లోమం తల దగ్గర గడ్డ, విప్పుల్ ఆపరేషన్ చేయాలన్నారు. గ్రీమ్స్ రోడ్డు పక్క సందులో రూము తీసుకున్నాం. సర్జన్ ఒక్కరే చూస్తారనుకుంటే గుండె డాక్టరు, మత్తు డాక్టరు, డైటీషియన్, ఫిజియో కూడా వచ్చారు. పైగా రెండు వారాలు ఆగమన్నారు. గడ్డ పెట్టుకుని ఆగడమేంటి? బిల్లు కోసమా? ఒకటే టెన్షన్.

వేలచ్చేరి వాసి:
తమ్ముడూ, పోయినేడు మా అమ్మకి ఇదే ఆపరేషన్. మాకూ ఇదే అనుమానం. క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, గాల్‌బ్లాడర్ తీసేసి, మిగిలిన క్లోమాన్నీ పైత్యనాళాన్నీ కడుపునీ మళ్లీ పేగుకి కలిపి కుడతారు. ఆ కుట్లు నిలవాలంటే ఒంట్లో సత్తువుండాలి. అమ్మకి రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువని రోజూ గుడ్ల తెల్లసొన పెట్టమన్నారు. ఊపిరితిత్తుల కోసం మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చారు, ఊపిరి గట్టిగా పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. మొదటిరోజు ఒక్క బంతే లేచింది, "పసిపిల్లల ఆటరా ఇది" అని విసిరికొట్టింది. తర్వాత మనవడితో పందెం కట్టి మూడూ లేపింది.

ఆపరేషన్ మర్నాడే ఫిజియో కుర్చీలో కూర్చోబెడితే, కడుపుకి గొట్టాలున్నాయని నేను గొడవపడ్డాను. నొప్పి లేకుండా అలా కూర్చోబెట్టడానికే వీపులో నొప్పిమందు గొట్టం పెట్టారని తర్వాత తెలిసింది.

మాకు దెబ్బ తగిలింది డిశ్చార్జి రోజున. అరుగుదల కాప్సూల్స్ రాశారుగానీ, అన్నంతోపాటే మింగాలని ఎవరూ చెప్పలేదు. డాక్టరు చెప్పుంటారని డైటీషియన్, డైటీషియన్ చెప్పుంటుందని డాక్టరు. అమ్మ పొద్దున్నే పరగడుపున మింగేది. పది రోజులు విరేచనాలు, నూనె తేలేవి. ఎంతమంది వస్తున్నారని లెక్కపెట్టొద్దు, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారో లేదో చూడు. అర్ధరాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఒక్క నంబరు రాయించుకో.

వార్డు నర్సు, పెరంబూరు:
ఆగమన్న కారణం సర్జన్‌నే అడుగు బాబూ, చెప్తారు. ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా మాన్పించేస్తారు చాలామంది. చాలామందికి ఆపరేషన్‌కి 2 గంటల ముందుదాకా నీళ్లు ఇవ్వొచ్చు. నాన్నకి షుగర్ కాబట్టి మత్తు డాక్టరుని అడిగే ఇవ్వండి. సిగరెట్టుంటే ఈరోజే ఆపించండి.

గూడూరు కుర్రోడు:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. మానేశానంటున్నాడుగానీ లుంగీ మడతలో బీడీకట్ట దొరికింది. రేపు ఫిజియో ముందే పెడతా.