చలికాలంలో బంగారు తీగ చేపకు మేత చల్లి గాలం వేయాలా, చల్లకుండానా?

పలమనేరు గాలం:
ఎండాకాలం లెక్కనే రెండు కిలోల తవుడు, చెనక్కాయ చెక్క చల్లి కూర్చోమని ఇక్కడ కొందరు చెబుతున్నారు. నేను ఒప్పుకోను. నీళ్లు చల్లబడితే చేప ఒళ్లూ చల్లబడుతుంది, అరుగుదల మందగిస్తుంది. 20 డిగ్రీల కిందికి దిగితే బొచ్చె, శీలావతి చేపలు మేత బాగా తగ్గించేస్తాయి. బంగారు తీగ తింటుంది గానీ కొంచెమే. ఆ కొంచెం ఆకలి కూడా మీ మేతతోనే తీరిపోతే ఇంక ఎర ఎవరికి? పిడికెడు చాలు.

రాయలచెరువు బెండు:
అన్నా, పలమనేరు ఎత్తు మీదుండే ఊరు. ఆ చలి లెక్క తిరుపతి పక్కకు పనికిరాదు. రాయలచెరువంత నీళ్లలో పిడికెడు వేస్తే పరిగెలే తినేస్తాయి, పెద్ద చేపకు జాడే తెలీదు. కిలో అయినా పడాల్సిందే.

పలమనేరు గాలం:
జాడ తెలిసేది బరువుతో కాదు, పొడి ఎంత మెత్తగా ఉందన్నదాంతో. చెక్క పొడి రెండు పాళ్లు, తవుడు రెండు, మైదా ఒకటి. గోరువెచ్చని నీళ్లతో కలిపి 20 నిమిషాలు నానబెట్టండి. నిమ్మకాయంత ఉండ చేసి ఒక గ్లాసు చెరువు నీళ్లలో వేసి చూడండి, ఐదారు నిమిషాల్లో విడిపోవాల. మైదా ఎక్కువైతే ఉండ రాయిలా అడుగున పడుంటుంది, వాసన రాదు. చల్లని నీళ్లలో జరిగే పెద్ద తప్పు ఇదే. అట్లాంటివి మూడు ఉండలు, ఒకే చోట. చేప తగిలాకే నాలుగోది.

గట్టు మీద ఎండ:
స్వామీ, మేత సంగతి సరే, చోటు తప్పితే రెండూ దండగే. తెల్లవారుజామున కూర్చోవడం ఈ కాలంలో పనికిరాదు, నీళ్లు అప్పుడే బాగా చల్లగా ఉంటాయి. పది నుంచి నాలుగు దాకా చూడండి. ఈశాన్యం గాలి ఎండకు వేడెక్కిన పైనీళ్లను నైరుతి ఒడ్డుకు నెడుతుంది. అక్కడ నాలుగైదు అడుగుల లోతులో వేయండి. 12వ నంబరు గాలం, సన్న నైలాన్ దారం, ఎర్ర (వానపాము) ముక్క ఒక్కటి. నీళ్ల మీద తేలే బెండు కొన మాత్రమే పైకి కనిపించేలా దారానికి కట్టిన సీసం సర్దుకోవాల. చలిలో చేప లాక్కుపోదు, బెండు గోరంత కదులుతుంది లేదా కొద్దిగా పైకి లేస్తుంది. అప్పుడే లాగాల. లావు బెండుకు ఈ కదలిక కనిపించదు.

రాయలచెరువు బెండు:
నైరుతి ఒడ్డు మాట నిజం. బెండు మాటా నిజం. మేత మాత్రం, ఎండ గట్టిగా కాసే రోజుల్లో అరకిలో కంటే తగ్గించను.

పలమనేరు గాలం:
ఎండ కాసే రోజు మీ ఇష్టం. తుపాను మబ్బు రెండు మూడు రోజులు పట్టినప్పుడు మాత్రం అసలు చల్లొద్దు. ఎండ లేక నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, మిగిలిన మేత కుళ్లి, ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాగేస్తుంది. పొద్దున చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతుంటే ఆ రోజు గాలం చుట్టేసి ఇంటికి పోవడమే. చెరువు గుత్తకు తీసుకున్నవాళ్లుంటే ఆ సంగతి వాళ్లకు చెప్పండి.