స్వీట్లు మానేసినా షుగర్ ఎందుకు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, బరువు 94 కిలోలు. ఫాస్టింగ్ 112, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1. స్వీట్లు ముట్టి రెండేళ్లయింది. ఇన్సులిన్ తగ్గిందేమో అనుకుంటే రిపోర్టులో ఎక్కువే ఉంది! ఒకటే టెన్షన్.

జవాబు: ఎక్కువుండడమే అసలు సంగతండీ. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు నుంచి ఫ్యాటీ ఆమ్లాలు కాలేయానికి, కండరాలకు చేరతాయి. అక్కడ ఇన్సులిన్ మాట సరిగా చెల్లదు, రక్తంలో షుగర్ మిగిలిపోతుంది. అందుకే ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి, క్లోమం, దాన్ని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఏళ్లు గడిచాక అదీ అలసిపోతుంది. మీది ఇంకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశే.

మరో జవాబు: మా అన్నయ్య సన్నగా పుల్లలా ఉంటాడు, అయినా షుగర్. బరువొక్కటే కారణం కాదు.

ప్రశ్న అడిగినవారు: మరి బరువు తగ్గితే ఉపయోగముంటుందా?

జవాబు: ఉంటుంది. 2002లో వెలువడిన అమెరికా డీపీపీ (డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్) అధ్యయనంలో ఒక బృందానికి 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టారు. ఆ బృందంలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మీ లెక్కకి ఆరున్నర కిలోలు, అంతే.